జోసఫిన్ పట్టుకెళ్లిన ఇత్తడి బిళ్ల

జోసఫిన్ లైసెన్స్ లేకుండా నూట ఇరవై మైళ్ల స్పీడుతో మంచులో ట్రక్ తోలిందనీ, నాలుగు పోలీసు కార్లు వెంటపడ్డా ఆగలేదనీ నెవాడాలోని మా గని ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు చెప్పిన ప్రిస్సిల్లా అయితే రెండు కార్లే అంది. రెండంటే మరీ చప్పగా ఉంటుంది.

జోసఫిన్‌ది గోదావరిఖని. చిన్నప్పుడు వాళ్ల నాన్న బొగ్గు గనిలో తప్పిపోయినవాణ్ణి వెతకడానికి దిగి, మళ్లీ పైకి రాలేదు. అందుకే పెళ్లిచూపుల్లోనే, "గనిల దిగేటోడైతే నాకొద్దు" అని తేల్చేసిందట.

"నాది ఆఫీస్ జాబండీ, కంప్యూటర్‌లో మ్యాప్‌లు గీస్తాను" అన్నాడు దైవాశీర్వాదం. ఆ మాట మీదే పెళ్లి, ఆ మాట మీదే ఈ బంగారు గని ఊళ్లో కాపురం. మనిషి గని దగ్గరే స్నానం చేసి, తెల్లచొక్కాతో పెళ్లికొడుకులా ఇంటికొచ్చేవాడు.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున షిఫ్ట్ నుంచి వచ్చి, ఫోన్ ఆఫ్ చేసి పడుకున్నాడు. ప్యాంటు ఉతకబోతే జేబులో ఇత్తడి బిళ్ల, దాని మీద అతని పేరు! ఇంకొకళ్లయితే కీచైన్ అనుకునేవాళ్లు. ఈమె గని బిడ్డ. కిందికి దిగేవాళ్లకే ఆ బిళ్ల ఇస్తారని తెలుసు. దిగేటప్పుడు బోర్డు మీంచి తీసుకుని, పైకొచ్చాక తిరిగి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి లోపలే ఉండిపోయాడని జనం వెతకడానికి దిగుతారు.

బిళ్ల దాచేస్తే మొగుడి ఉద్యోగం ఊడుతుంది. వీసా పోయినా మనిషి దక్కుతాడు. చెత్తబుట్టలో పడేసిందట, తీసిందట, మళ్లీ పడేసిందట, ముప్పైసార్లు. కానీ వెతకబోయేవాళ్లకీ పెళ్లాం పిల్లలుంటారు కదా! ట్రక్ తాళాలు తీసుకుంది.

ఆమె వెళ్లేసరికి అరవైమంది దిగడానికి సిద్ధంగా ఉన్నారట. ఆరుగురేనంటుంది ప్రిస్సిల్లా. తన చేత్తోనే బిళ్ల కొక్కేనికి తగిలించి, "హీ ఈజ్ స్లీపింగ్" అని చెప్పి వచ్చేసిందట. ఆ సాయంత్రం మొగుడికి క్యారేజీ కట్టి పంపింది. అడిగింది లేదు, ఏడ్చింది లేదు. ఆవేళ నుంచి మాత్రం మనిషి సగమైపోయింది.

ఉండబట్టలేక వాళ్లింటికే వెళ్లి అడిగేశాను. బీరకాయ చెక్కుతోంది.

"నాకు డ్రైవింగే రాదక్కా. ఎవరు చెప్పిండ్రు?"

"మరి మీ ఆయన గనిలో..."

కత్తిపీట పక్కకు నెట్టింది.

"మా ఆయన గనిల దిగడు. ఆఫీస్‌ల కంప్యూటర్ ముంగట కూసుంటడు. గంతే."