పై వాటా వంటగది

టైలరమ్మ ఏ చొక్కా కుట్టినా లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతుంది. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. ముప్ఫై ఏళ్లుగా అదే పద్ధతి. భర్త పోయాక ఇల్లు నడిపిందీ అలాగే. కింద గదిలో మిషను, పై వాటాలో అద్దెకు ఒక నర్సు.

వేసవి మొదట్లో పై వంటగదిలో వైరు కాలి మంటలు లేచాయి. మనుషులకు ఏమీ కాలేదు. కప్పు సగం పడిపోయింది, కిటికీ బొగ్గయింది. వంటగది లేని వాటాకు అద్దె అడగడానికి టైలరమ్మకు నోరు రాలేదు. బీమా డబ్బు వచ్చింది. మేస్త్రీ గోడలు పూర్తిచేసి కప్పు దగ్గర ఆగాడు. ఆపమన్నది ఆమే. వచ్చినదాంట్లో మూడో వంతు పన్నుకని పక్కన పెట్టింది. మిగిలినది కప్పుకు చాలలేదు.

"బ్యాంకులో పడిందంతా ఆదాయమే వదినా. పన్నువాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు మరిది.

మూడు నెలలు వరండాలో స్టవ్ పెట్టుకుని వండుకున్న నర్సు, ఒకరోజు మెట్ల మీద నిలబడి చెప్పింది. "వానలు మొదలైతే నావల్ల కాదు ఆంటీ. ఒకటో తారీకుకి వేరే ఇల్లు చూసుకుంటా. మీ మీద కోపం కాదు."

"కోపమైనా బావుండేది," అంది టైలరమ్మ. ఆరేళ్లుగా ఆ మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే గాని ఆమెకు పొద్దు గడవదు.

మర్నాడు కొట్టు మూసి ఆడిటరు దగ్గరికి వెళ్లింది. ఆయన బీమావాళ్ల ఉత్తరం మడతలు విప్పి చదివాడు.

"ఇది చదివారా అమ్మా?"

"మొత్తం ఎంతో చూశాను."

"దాని కింద రెండు వరుసలున్నాయి. మొదటిది వంటగది బాగుచేయడానికి. పోయినదాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికిచ్చింది, మీ సంపాదన కాదు. మొత్తం పనికే పెట్టండి. బిల్లులు దాచండి. ఆ ఖర్చును అద్దె లెక్కలో మళ్లీ రాయకండి. ఏమన్నా మిగిలితే నాకు చెప్పండి, దాని సంగతి వేరు. రెండోది, మీకు రాకుండా పోయిన అద్దె. దానికి మామూలు అద్దెకు కట్టినట్టే కట్టాలి."

ఎంత కట్టాలో కాగితం అంచున రాశాడు. ఆమె రెండుసార్లు చూసింది.

"ఇంతేనా? మా మరిది నా గుండెల్లో రాయి వేశాడు కదండీ!"

"ఆయనేం చేస్తుంటారు?"

"సలహాలిస్తుంటాడు."

ఆడిటరు కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు.

ఆమె ఇంటికి వెళ్లలేదు. నేరుగా మేస్త్రీ ఇంటికి వెళ్లి, "రేపే రా. కప్పు, కిటికీ, రెండూ," అని చెప్పింది. తర్వాత ఆయాసపడుతూ పైకెక్కింది. వరండాలో నర్సు గిన్నెలు అట్టపెట్టెలో సర్దుతోంది.

"కిటికీకి ఊచలు సరిపోతాయా, దోమల జాలీ కూడా పెట్టించనా?"

"నన్నడుగుతారేంటి ఆంటీ?"

"పొయ్యి దగ్గర నిలబడేది నువ్వా, నేనా?"

నర్సు సర్దడం ఆపింది.

"జాలీ పెట్టించండి," అంది. పెట్టెలోంచి ఒక గిన్నె తీసి, ఇద్దరికీ టీ పెట్టడానికి నీళ్లు పోసింది.