అడిగితే తప్పేంది

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే వెంకట్రాజానికి ఒకే ఒక్క జబ్బు: అడగడం. బస్సెక్కితే అది ఎక్కడికి పోతుందో డ్రైవర్నీ, కండక్టర్నీ, పక్కసీటు వాణ్ణీ అడిగి, ముగ్గురూ ఒకే ఊరు చెప్తే అనుమానం వచ్చి దిగిపోయేవాడు. ఎవరైనా నవ్వితే, అడగనిదే అమ్మైనా పెట్టదనేవాడు.

అలాంటి మనిషి చేతిలో కాగితాలు పెట్టడం అన్నకూతురు స్రవంతి చేసిన తప్పు. ఆమె రఘునాథపల్లి దగ్గర హైవే పక్కన సిద్దిరాములు చేను కౌలుకు తీసుకుని, పెయింట్‌బాల్ గ్రౌండని బోర్డు కట్టింది. రంగు నింపిన ఉండలను తుపాకీలాంటి దాంతో ఒకరి మీద ఒకరు కొట్టుకునే ఆట అది. ఆ తుపాకులు విదేశం నుంచి రావాలి. ఎండాకాలం సెలవుల్లో ఆట మొదలు కాకపోతే వానలు పడగానే మళ్లీ మిర్చి పెట్టుకుంటానని సిద్దిరాములు తేల్చి చెప్పాడు. తెప్పించుకునే రూలేదో నేనడుగుతానని చిన్నాయన చెయ్యి చాపితే ఫైలు ఇచ్చేసింది.

మొదటి ఆఫీసులో ‘రంగు గోలీలు’ అని రాసిచ్చాడు. వాళ్లు తూటాలనుకుని పోలీసుల దగ్గరికి పొమ్మన్నారు. స్టేషన్లో మందుగోలీలనుకుని మందుల ఆఫీసుకు పంపారు. అక్కడివాళ్లు పిల్లల గోలీలాట అనుకుని ఆటల ఆఫీసు చూపించారు. ఆటలవాళ్లు ఇంగ్లిషు కాగితం చదివారు. అందులో తుపాకీని ‘మార్కర్’ అన్నారు. బోర్డు మీద రాసే పెన్నులకు పర్మిషన్ ఎందుకని వాళ్లు నవ్వారు. పెన్నులేనట బిడ్డా అని వెంకట్రాజం సంబరంగా ఇంటికొచ్చాడు. మరునాడు అనుమానం వచ్చి మళ్లీ మొదటి ఆఫీసుకే పోయాడు.

మధ్యలో విదేశీ సరుకు తెప్పించే ఒక ఏజెంటు, పెట్టె మీద ఆటబొమ్మలని రాస్తే సరిపోతుందన్నాడు. ఆ మాట నిజమేనా అని చిన్నాయన పోలీసులనే అడిగొచ్చాడు. ఆ తరవాత ఏజెంటు ఫోనెత్తలేదు.

“నీ అడుగుడుతోనే నా గ్రౌండు మునుగుతాంది చిన్నాయినా” అంది స్రవంతి, ఏడుపొక్కటే తక్కువగా. జర ఆగు, ఇంకొకాయన్ని అడగాలె అంటూ ఆయన చెప్పులేసుకున్నాడు.

ఏప్రిల్లో పోలీసు విచారణకు పిలుపొచ్చింది. స్రవంతి కాగితం విప్పి చూస్తే అందులో తన పేరు లేదు, చిన్నాయన పేరుంది. ఫైలు తెరిచింది. ప్రతి దరఖాస్తులోనూ తుపాకులు కావలసినవాడు వెంకట్రాజం, వయసు అరవై నాలుగు. ఎందుకు అన్నచోట ‘ఆడుకోవడానికి’ అని ఉంది.

“నీ పేరెందుకు రాసినవ్ చిన్నాయినా?”

“నువ్వడిగితే, పోరి తుపాకులు తెప్పిస్తాందని రాసుకుంటరు. రేపేమన్నయితే నీ మీదికొస్తరు. నేనడిగితే ముసలోనికి మతి పోయిందనుకుంటరు, గంతే. గది నలభయ్యేండ్ల సంది అనుకుంటనే ఉన్నరు.”

స్రవంతికి అన్నాళ్ల కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇంత మంచి మనిషినా తిట్టాను అని సిగ్గుపడింది.

విచారణలో అధికారి రెండు ప్రశ్నలడిగితే వెంకట్రాజం పద్దెనిమిది అడిగాడట. మే మొదటివారంలో అనుమతి వచ్చింది, వెనకే పెట్టెలొచ్చాయి. ఏ రూలు కింద వచ్చాయో ఇప్పటికీ ఇద్దరికీ తెలియదు.

మొదటిరోజు తెల్ల లాల్చీ వేసుకుని, ముఖానికి మాస్కు కట్టుకుని, తననే ముందు కొట్టమని వెంకట్రాజం చేన్లో నిలబడ్డాడు. స్రవంతికి చెయ్యి రాలేదు.

“కొట్టాల్నా చిన్నాయినా?”

“గిది గూడ అడుగుతరా బిడ్డా? కొట్టు.”

లాల్చీ మీద నీలం మరక పడింది. నూలు రంగుల మధ్యే పుట్టి పెరిగిన ఆ మనిషి, అది ఏ సబ్బుతో పోతుందో మరునాడు కొత్తవాడంతా అడిగి, చివరికి ఉతక్కుండానే బీరువాలో దాచుకున్నాడు.