తల ఊపొద్దన్న కన్నమ్మ అవ్వ

నిన్న మధ్యాహ్నం బడి గేటు దగ్గర నా కూతురు తల ఊపిన క్షణంలో నా గుండె ఝల్లుమంది. గేటు పక్కన ఎవరో గోనెపట్టా మీద ఇప్పపూలు ఎండబోశారు. ఎండకు ఆ తియ్యని, కాస్త పులిసిన వాసన గుప్పున లేస్తోంది. రోడ్డు పని వల్ల ఖనిజం లారీలను ఇటు మళ్ళించారని, రేపటి నుంచి ఇంటివాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఎవరూ గేటు దాటకూడదని రెండో తరగతి టీచరు హిందీలో గబగబా చెప్పింది. అందరికంటే ముందు మా రమ్యే తల ఊపింది, చిన్నగా నవ్వుతూ. మా ఆయనకు బదిలీ అయి విజయనగరం నుంచి ఈ ఇనుప గనుల ఊరు కిరండూల్ వచ్చి నెల కాలేదు. దానికి హిందీలో మంచినీళ్ళు అడగడం తప్ప ఏమీ రాదు. దారిలో "మేడమ్ ఏం చెప్పారే?" అని అడిగాను. "బాగా చదువుకోమన్నారు" అంది. ఆ తల ఊపడం నాకు కొత్త కాదు. ఒకప్పుడు అది నాదే.

పన్నెండేళ్ళ క్రితం, డిగ్రీ అవగానే, భద్రాచలం దాటి, మరైగూడ అవతల ఒక అడవి పల్లెలో చిన్నపిల్లల బడికి టీచరుగా కుదిరాను. అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడేది దోర్లీ. ముందు రెండు నెలలు ఒకరింట్లో ఉండి ఆ భాష నేర్చుకోవాలన్నది షరతు. అమ్మను విడిచి ఒక్క రాత్రి కూడా గడపని నన్ను, ఒక సంచీతో సహా కన్నమ్మ అవ్వ వాకిట్లో దింపి జీపు వెళ్ళిపోయింది. దేశం ఒకటే అయినా నాకది పరదేశమే. అవ్వ సొరకాయ బుర్రతో నీళ్ళిచ్చి, నేను తాగేదాకా చూసి, తెలుగులో అంది: "భద్రాచలం సంతల నేర్చిన తెలుగిది. ఈ ఒక్కరోజే. రేపట్నుంచి నా ఇంట్ల నా మాటే. ఏంది, ఏడుస్తవా?" లేదన్నాను. "ఏడువు బిడ్డా. ఏడ్చుడుకు భాష అక్కర్లేదు" అంది.

మర్నాటి నుంచి అవ్వ అన్న మాట ప్రకారం ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. నేను తల ఊపడం మొదలుపెట్టాను. కాలేజీలో చదువుకున్నదాన్ని, చదువురాని మనిషిని ఒకే మాట మూడుసార్లు అడగడానికి సిగ్గుపడ్డాను. పైగా ఊపిన ప్రతిసారీ అవ్వ ముఖం వెలిగేది. నాకు అన్నీ తెలిసిపోతున్నాయని ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకునేది. ఒక సాయంత్రం వాగు వైపు చెయ్యి చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది. అక్కడ ఇప్పచెట్టుందని, పూలు తెల్లవారేసరికి రాలతాయని మాత్రం అందింది. మిగతాదానికి తల ఊపాను. అవ్వను సంతోషపెడదామని మర్నాడు ఆమె లేవకముందే బుట్ట తీసుకుని ఒక్కదాన్నే బయలుదేరాను.

మసక వెలుతురులో చెట్టు కింద నేలంతా లేతపసుపుగా ఉంది. ఏదో నములుతున్న చప్పుడు. పశువనుకున్నాను. నల్లటి వీపు కదిలి, లేచి రెండు కాళ్ళ మీద నిలబడింది. ఎలుగుబంటి. అంతలో వెనక నుంచి కంచు పళ్ళెం మీద ఖణఖణా మోత, అవ్వ కేకలు. ఎలుగు పొదల్లోకి తిరిగింది. పరిగెత్తుకొచ్చిన అవ్వ మాత్రం వాగు రాళ్ళ మీద జారి, మడమ మెలికపడి కూలబడింది. నొప్పిలో తన ఒట్టు మరిచి తెలుగులో తిట్టింది.

"ఎలుగు తిరుగుతాంది, పొద్దెక్కినంక ఇద్దరం పోదామని నిన్న చెప్పిన గద! తలకాయ ఊపితివి గద!"

"అర్థం కాలేదవ్వా."

"మరెందుకు ఊపినవే? తెల్వదనుటానికి నోరు లేదా?"

నేను ఏడుస్తున్నాను. కాసేపటికి ఆమె గొంతు తగ్గింది. "నాది గూడ తప్పే. నీ తలకాయను నమ్మిన. నీ నోట అడగకపోతి."

పది రోజులు ఆమె కాలు కింద మోపలేదు. ఇప్పపూలు ఎవరి కాలి కోసమూ ఆగవు, ఏడాదికి ఒకసారే రాలతాయి. అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని పనులు చెప్పేది. పొద్దెక్కాక పక్కింటివాళ్ళతో కలిసి నేను ఏరుకొచ్చేదాన్ని. ఏ చెట్టుకు వెళ్ళాలి, ఏ దారిన రావాలి, పూలను ఎంత పలుచగా ఎండబోయాలి, అన్నీ ఆమె భాషలో ఆమెకే తిరిగి చెప్పి కదలాలి. పొరపాటున తల ఊపితే ఒక పూవు వచ్చి నా ముక్కుకు తగిలేది. "తలకాయ గాదు, నోరు!" మొదటిసారి జంకు లేకుండా ఆమె భాషలో "తెలియలేదు, మళ్ళీ చెప్పు" అన్న రోజు పక్కింటామెను కేకేసి మరీ నవ్వింది. "ఇగ నేర్చుకుంటది ఈ టీచరమ్మ!" ఆ తరువాత నాలుగేళ్ళు ఆ బడిలో పాఠం చెప్పాను. పిల్లల తలలను నేనెప్పుడూ నమ్మలేదు. నేను తిరిగి వచ్చేసేనాటికి కూడా ముసురు పడితే అవ్వ ఆ మడమను పట్టుకుని కూర్చునేది. ఒక్కసారీ నన్ను అనలేదు.

ఈ ఉదయం జడ వేస్తూ, మేడమ్ నిజానికి ఏం చెప్పారో రమ్యకు చెప్పాను. తెలియకపోతే తల ఊపొద్దని, "సమఝ్ నహీ ఆయా" అని గట్టిగా అనమని చెప్పాను.

"అందరూ నవ్వితే?"

"నవ్వనీ. నేనా మాట అంటే ఒక ఊరే నవ్వింది."

పక్కనే కూర్చున్న దాని నాలుగేళ్ళ తమ్ముడు అప్పటికే మూడుసార్లు తల ఊపేశాడు.

"ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెప్పు" అన్నాను. రమ్య తల ఊపబోయి ఆగింది. "గేటు లోపలే ఉండాలి. నువ్వొచ్చి చెయ్యి పట్టుకునేదాకా." నా వైపు తిరిగి, "నువ్వు రావడం ఆలస్యమైతే?" అని అడిగింది.

అది అలా అడిగాకే నా మాట దానికి అందిందని నమ్మాను. రిబ్బను ముడి వేస్తూ ఇద్దరికీ చెప్పాను: "ఎంత ఆలస్యమైనా లోపలే. నేను వస్తాను."