మిక్సీ మేస్త్రీ అనుమానం

తెల్లనివన్నీ పాలు కావంటారు. మిక్సీలు బాగుచేసే మేస్త్రీ అయితే పాలను కూడా పాలని నమ్మడు. చెంచాలో పోసి, వెలుతురులో పెట్టి చూస్తాడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే చచ్చినా ఎత్తడు. "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నది ఆయన నోట్లో నానే మాట.

అలాంటి మనిషి ఇంటికే పొగ వచ్చింది. ఆయన బావమరిది నీళ్ల శాఖలో వాల్వులు తిప్పుతాడు. అతను పెద్దవాళ్ల వీధికే నీళ్లు వదులుతున్నాడని పేపర్లో పేరుతో సహా పడింది. ఆ సాయంత్రానికే సస్పెండ్ చేశారు. నిజానికి ఆ వారం నీళ్లెక్కించే మోటారు కాలిపోయి నీళ్లు ఆగాయి. తమ్ముడి దిగులుతో మేస్త్రీ భార్య తిండి మానేసింది.

"ఎవడో కావాలని రాయించాడు. వాడి పేరు కక్కించుకొస్తా," అని మేస్త్రీ పేపరాఫీసుకు బయలుదేరాడు.

గుమ్మంలోనే బోర్డు ఉంది: 'మా వార్త ఎలా తయారైందో అడగండి, చూపిస్తాం.' మేస్త్రీకి ఒళ్లు మండింది. దాచేది ఉన్నవాడే తలుపులు బార్లా తెరుస్తాడని ఆయన నమ్మకం.

లోపల ఆయన ఎవరో, ఎందుకొచ్చాడో వినగానే ఉప సంపాదకురాలు ఆ వార్త ఫైలు తెచ్చి ముందు పెట్టింది.

"తప్పు మాదే మేస్త్రీగారూ. ఒక్క ఫోను నమ్మి రాసేశాం. ఆ వీధి డ్యూటీ ఎవరిదో కనుక్కుని పేరు మేమే చేర్చాం. మీ బావమరిదిని ఒక్క మాట అడగలేదు. ఇదంతా ఉన్నదున్నట్టు మొదటి పేజీలో వేస్తాం."

"ఫోన్ చేసిందెవడు?"

"అది చెప్పం. ఏమన్నారో చదువుతా. 'మూడ్రోజులైంది నీళ్లు రాక. వాల్వ్ మనిషి పెద్దవాళ్లకి అమ్ముడుపోయాడు. నిప్పు లేనిదే పొగ రాదమ్మా.'"

గుమ్మడికాయల దొంగను పట్టుకోబోయిన మేస్త్రీ తన భుజాలే తడుముకున్నాడు. వారానికి నాలుగు ఆఫీసులకు ఫోన్ చేసి దులిపేసే మనిషికి ఏది ఎక్కడ అన్నాడో ఏం గుర్తుంటుంది? ఆ వారమే బావమరిదిని ఆ వీధికి మార్చిన సంగతి ఫోన్ చేసినప్పుడు ఆయనకు తెలియదు.

"కళ్లారా చూడలేదు, అనుమానంతో అన్నానని ఆ ఫోన్ చేసినాయన ఒప్పుకుంటే చాలు, సస్పెన్షన్ ఎత్తేస్తామని నీళ్ల శాఖ ఆఫీసరు అన్నారు. నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నాం, ఎత్తరే!" అంటూ ఆమె మళ్లీ నంబరు నొక్కింది.

మేస్త్రీ జేబులో ఫోను మోగింది. ఆమె తలెత్తి చూసింది. ఇంకెవరిదో ఫోనని చెప్పి లేచిపోవచ్చు. తిండి మానేసి కూర్చున్న భార్య ముఖం గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా తెలియని ఆ నంబరును మొదటిసారి ఎత్తాడు.

"నేనేనమ్మా," అన్నాడు, ఆమె ఎదురుగానే కూర్చుని.