అవ్వ అందరిముందూ చెప్పిన మాట

నా చిన్నప్పుడు నాకు రొట్టె దాచుకునే అలవాటు ఉండేది. సరదాకు కాదు. ఒకటి తిని, ఇంకొకటి ఎవరూ చూడకుండా పావడా మడతలోకి జార్చి, ఇంట్లో ఏదో ఒక మూలకు చేర్చేదాన్ని. రేపు పెడతారో పెట్టరో అన్న భయం. కడుపు నిండినా ఆ భయం మాత్రం తీరేది కాదు, ఏం చేయను!

నాన్న పుణెలో మేడలు కట్టే పనికి పోయి, అక్కడే గోడ మీద నుంచి పడి చనిపోయాడు. ఏడాది తిరక్కుండానే అమ్మ కూడా జబ్బుచేసి దవాఖానలో పోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా పాన్‌గల్ వైపు వానలు వరసగా ఎగ్గొట్టిన రోజులవి. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. అట్లాంటప్పుడు ఇంకొకరి పిల్లను ఎవరు నెత్తికెత్తుకుంటారు? మొదట మేనత్త ఇంట్లో పెట్టారు. బొంత కింద రొట్టెలు దొరికేసరికి దొంగమొహందాన్ని అన్నారు, వీపు వాచేట్టు కొట్టి మేనమామ ఇంటికి పంపారు. అక్కడా అదే కథ. మామ చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఆయన పిల్లలకే సరిగా దొరకని ఇల్లు అది. కానీ ఆయన భార్య చెయ్యి ఎంత బరువో నా వీపుకు బాగా తెలుసు.

ఆ ఏడు సంక్రాంతి కాగానే వాళ్ళు పనికి దేశం మీద పోతూ, కొన్నాళ్ళు చూడమని నన్ను పక్కింటి అవ్వ దగ్గర వదిలిపోయారు. అవ్వకు నాతో ఏ చుట్టరికమూ లేదు. గద్వాల దాటి కర్ణాటక అంచున ఉన్న ఏదో పల్లె నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు నిలవలేదు. వాన పడితే పండే రాళ్ళ చెలక కాస్త, ఒక బర్రె, నాలుగు కోళ్ళు, అంతే ఆమె సంసారం. మాట కటువు. ముద్దు చేయడం, ఒళ్ళో కూచోబెట్టుకోవడం ఆమెకు తెలియవు. వచ్చిన రోజే నాకు చీపురు చేతికిచ్చింది.

అక్కడా దాచడం మానలేదు. జొన్నలు పోసుకునే గుమ్మి వెనక సందులో పెట్టేదాన్ని. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అవ్వ వాకిట్లో కూచుని ఉంది. ముందర చాటలో నా రొట్టెలు. చీమల బారు ఎటు పోతుందా అని వెంట పోతే దొరికాయట. సగానికి పైగా బూజు పట్టి పచ్చగా ఉన్నాయి. ఈ ఇల్లు కూడా అయిపోయిందనుకున్నాను. ఎవరూ చెప్పకముందే లోపలికి పోయి, నా బట్టల మూట తెచ్చుకుని గడప దగ్గర నిలబడ్డాను. వెళ్ళగొట్టించుకోవడం అప్పటికి నాకు బాగా అలవాటైన పని.

అవ్వ నన్నూ చూసింది, మూటనూ చూసింది. బూజు పట్టినవన్నీ పెంటకుప్పలో పారేసి వచ్చి, పొయ్యి రాజేసి, వేణ్ణీళ్ళతో జొన్నపిండి పిసికింది. ఎప్పుడూ చేసే రొట్టెల కన్నా పలచగా తట్టి, పెంక మీద కాల్చాక పొయ్యికి ఆనించి నిలబెట్టింది. సెగకు అవి కరకరలాడేట్టు ఎండాయి. వాళ్ళ పుట్టింటి వైపు ప్రయాణాలకు అట్లా చేసుకుంటారట, వారాల కొద్దీ చెడవట.

"మెత్తటి రొట్టె దాస్తే బూజు పడ్తది బిడ్డా," అంది. "దాసుకునేదైతే గిసోంటివి దాసుకోవాలె."

వాటిని పాత చీర గుడ్డలో కట్టి నా చేతికందే ఎత్తులో వేలాడదీసింది. అవి నావి. కోపమొచ్చి తిట్టినరోజు కూడా వాటి జోలికి రానంది. అన్నమాట తప్పలేదు కూడా. ఎన్ని తిన్నానో, ఎన్ని మిగిలాయో ఒక్కనాడూ తొంగిచూడలేదు. ఆ రోజు పొయ్యి పక్కన కూచుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె తన పనేదో తాను చేసుకుంటూ పోయింది. ఏడుపు మానమని కూడా అనలేదు.

నేను అక్కడే ఉండిపోతాననుకున్నాను. కానీ వానలు పడగానే మామ వచ్చాడు. గద్వాల దిక్కు విత్తనాలకు వేసే సీడు పత్తి చేలల్లో పూలు దాటించే పనికి ఆడపిల్లలు కావాలని కూలీలను కుదిర్చే మేస్త్రీ అడిగాడట. మొగ్గ ఒలిచి, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రుద్దే పని అది. చిన్నచేతులైతే బాగా సాగుతుంది. అవ్వ ఊరుకోలేదు. బడికి పోతున్న పిల్ల అంది, గొడ్డుచాకిరీకి పంపడానికి నీకు మనసెట్ల ఒప్పిందిరా అని తిట్టింది. మా పిల్ల, మా ఇష్టం అన్నాడు మామ. ఊళ్ళో పెద్దమనుషులు కూడా రక్తసంబంధం ఉన్నవాడు వాడే కదా, నీకేం హక్కు అన్నారు. నిజమే, ఆమెకు ఏ హక్కూ లేదు. నన్ను సాకింది, అంతే.

పొద్దున్నే కూలీలను ఎక్కించుకుపోయే డీసీఎం వ్యాను వచ్చి నిలబడింది. మా వాడకట్టు ఆడవాళ్ళు, మగవాళ్ళు, నా ఈడు పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. మామ నన్ను పైకి ఎక్కించబోతుంటే అవ్వ వచ్చి బండి ముందు నిలబడింది. నన్ను ఆపుతుందనుకున్నాను. ఎంత ఆశపడ్డానో చెప్పలేను. ఆమె నా వైపు చూడనే లేదు. బండిలో అందరికీ వినపడేట్టు మామతో అంది:

"ఈ పిల్ల రొట్టెలు దాసుకుంటది. దొంగతనం కాదది, ఆకలి భయం. సూసి సూడనట్టు ఉండుండ్రి, అదే పోతది. దాని మీద చెయ్యి మాత్రం ఎత్తొద్దు. ఇంతమంది ముంగట చెప్తున్న."

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుని నవ్వారు. నా గుట్టు తెలిసిన ఒక్క మనిషే ఊరందరి ముందూ నన్ను బజారున పెట్టింది. బండి కదిలినప్పుడు అవ్వ ఏదో అంది కానీ నేను వినలేదు, వినాలనిపించలేదు.

పత్తి చేలల్లో రేకుల షెడ్డు కింద ఉన్నాం. వేళ్ళ కొసలు పగిలి, అన్నం కలిపితే కారం మంట పుట్టేది. దాచడం మళ్ళీ మొదలైంది. ఒకరోజు మామ భార్య, మా అత్త, నా చాప కింద రొట్టెలు చూసి, జుట్టు పట్టుకుని చెయ్యెత్తింది. పక్కన బియ్యం ఏరుకుంటున్న మా వాడకట్టు ఆవిడ తలెత్తి, "ముసల్ది చెప్పలే? కొట్టొద్దనలే?" అంది. ఇంకొకామె, అవును మేమందరం విన్నాం అంది. అత్త మొహం మాడ్చుకుని చెయ్యి దించింది. అంతకుముందు నేను ఎన్ని దెబ్బలు తిన్నా పక్కవాళ్ళెవరూ నోరు మెదపలేదు. అవ్వ ఏం చేసిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆపే బలం తనకు లేదు గనుక, నన్ను బండెడు మందికి అప్పగించి పంపింది.

ఈ మాట ఆమెతో చెప్పాలని పని అయిపోయేదాకా ఎదురుచూశాను. చలికాలంలో ఊరికి వచ్చేసరికి అవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. దసరా ముందరే పోయిందట. జ్వరమన్నారు. మాకు కబురు ఎవరూ పంపలేదు. పంపడానికి నేను ఆమెకు ఏమవుతాను?

ఇప్పుడు నేను వనపర్తిలో ఉంటున్నాను. చూసేవాళ్ళు లేని పిల్లలను శిశు సంక్షేమ ఆఫీసువాళ్ళు తెచ్చి మా ఇంట్లో ఉంచుతారు. బంధువులో, ఇంకో ఇల్లో కుదరగానే తీసుకుపోతారు. ఒక్కరిని కూడా నా దగ్గరే ఉంచుకునే హక్కు నాకూ లేదు. పోయిన నెల ఒక పిల్లను వాళ్ళ పెదనాన్న తీసుకుపోవడానికి వచ్చాడు. ఆయన వెంట వచ్చిన ఇంటివాళ్ళు, ఆఫీసు మేడమ్, ఆటో డ్రైవరు, మా పక్కింటివాళ్ళు అందరూ ఉన్నారు. ఈ పిల్ల నిద్రలో పక్క తడుపుతుంది, తిట్టొద్దు, కొట్టొద్దు, దుప్పటి మార్చి పడుకోబెట్టండి చాలు అని అందరిముందూ చెప్పాను. చాటుగా చెప్పొచ్చు కదా అని మేడమ్ తరువాత మందలించింది. చాటుగా చెప్పిన మాటకు సాక్షులు ఎవరుంటారు?

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. పోతున్నానని కూడా చెప్పకుండా ఆటో ఎక్కి, అటు తిరిగి కూచుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. నా మీద కోపం ఉంటే ఉండనీ, అక్కడ దెబ్బ పడకుంటే చాలు.