మూడో మజిలీలో వేణ్ణీళ్ళు

ఆ సాయంత్రం మా నాయనమ్మ నోరు విప్పకపోవడం మొక్కు కోసమా, నా కోసమా? ముప్పయ్యేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది...

నేను ఆరో తరగతిలో ఉండగా మా బాబాయికీ పిన్నికీ బాబు పుట్టాడు. పుడితే మూడేళ్ళు వరసగా విజయవాడ నుంచి మోపిదేవి స్వామి గుడికి నడిచి వస్తానని నాయనమ్మ మొక్కుకుంది. గుంపు లేదు, మేళం లేదు. పైగా నడిచినన్ని రోజులూ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మౌనం. మరి దారి అడగాలన్నా, పడుకోవడానికి చోటు అడగాలన్నా ఒక నోరు కావాలిగా... దసరా సెలవులు కాబట్టి ఆ నోరు నేనయ్యాను.

నడక కంటే ముందు జరిగే తతంగమే నాకు ఎక్కువ ఇష్టం. నాన్న వన్ టౌన్‌లో హోల్‌సేల్ గాజుల కొట్లో గుమాస్తా. సరుకు కోసం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళందరినీ నాయనమ్మ వాకబు చేసేది. కిలోమీటర్లు చెబితే వినేది కాదు. “ఆ లెక్కలు నాకొద్దు నాయనా. చెంబెడు నీళ్ళెక్కడ దొరుకుతాయి, అరుగెవరింటికుంది... అది చెప్పు.”

నేను పాత నోటుబుక్కులో మజిలీలు రాసేదాన్ని. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటాక ఒక చిన్న ఊరు, చల్లపల్లి, మోపిదేవి. ఒక్కో పేరు పక్కన ఎవరిల్లు, బావా కుళాయా, కుక్క ఉందా లేదా...

మొదటి ఏడు బయల్దేరాం. ఎర్రబట్టల భవానీలు బారులుగా విజయవాడ అమ్మవారి కొండ వైపు వస్తుంటే మేమిద్దరం ఎదురు నడిచాం. “మామ్మగారూ, కొండ ఇటండీ, అటెళ్తున్నారేంటి” అని నవ్వేవాళ్ళు. నాయనమ్మ కూడా నవ్వేది... చప్పుడు లేకుండా.

మూడో రోజు మేం అనుకున్న ఇంటికి తాళం. పైన వాన. నాయనమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. అంతలో కాలవ గట్టున ఉన్న పెంకుటింట్లోంచి ఒకావిడ కేకేసింది.

“ఏమ్మాయ్, పెద్దావిడ్ని వానలో నిలబెట్టి ఏం చూస్తన్నావ్? వాళ్ళు ఊళ్ళో లేరు. ఇట్రండి.”

ఆవిడ పేరు మస్తాన్‌బీ. భర్త దూది ఏకి పరుపులు కుడతాడట. ఆవిడ కనుబొమల మీద కూడా దూది నూగే. నాయనమ్మ కాళ్ళు చూసి, ఏమీ అడక్కుండా పొయ్యి రాజేసింది. వేణ్ణీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టించింది. కొబ్బరినూనెలో ముంచిన దూదితో కట్టు కట్టింది.

“మా చేతి వంట తింటారో తినరో... బియ్యం, కొత్త దాక ఇస్తా, మీరే వండుకోండి” అంది.

అప్పటికి పొద్దు గూకింది. నాయనమ్మకి మాట వచ్చింది. “కాళ్ళు పట్టిన చేత్తోనే అన్నం కూడా పెట్టు తల్లీ.”

పప్పుచారు, వడియాలు. నేను మారు అడిగి తిన్నాను.

పొద్దున్నే బయల్దేరుతుంటే “వచ్చే ఏడూ ఇక్కడే దిగాలి పాపా. నీళ్ళు కాచి ఉంచుతా” అంది. అలాగేనని తలూపాను.

ఇంటికొచ్చాక మా అత్తయ్య, అంటే నాన్న అక్క, అడిగింది. “ఆ ఇంటికి తాళమన్నారుగా, మరెక్కడ పడుకున్నారే? ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో తినలేదు కదా?”

“బడి వరండాలో” అన్నాను.

అత్తయ్య అంటే నాకు భయం లేదు. ఆవిడ మెచ్చుకోవాలని ఆశ... అంతే. ఆ రోజు నాయనమ్మకి మౌనం లేదు. పక్కనే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ కాయల్లో పడింది. నోటుబుక్కులో మూడో మజిలీ పక్కన “బడి వరండా” అని నేనే రాశాను.

రెండో ఏడు అత్తయ్య కూడా వచ్చింది. మూడో రోజు సాయంత్రం ఆ కాలవ గట్టు దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో మస్తాన్‌బీ...

“ఏం పాపా, ఎంత పొడుగయ్యావు. పెద్దావిడకి కాళ్ళెలా ఉన్నాయి? రోజూ చూస్తన్నా మీ కోసం. నీళ్ళు కాగుతున్నాయి, రండి.”

అత్తయ్య ఆగింది. “ఎవరే? నీకు తెలుసా?”

“తెలీదత్తయ్యా... ఎవరనుకుంటున్నారో.”

మస్తాన్‌బీ నన్ను ఒక్క క్షణం చూసింది. “అవునమ్మా, ఎవరో అనుకున్నాలే. దూది పని కదా, కళ్ళు సరిగా ఆనవు” అంది.

నా అబద్ధానికి ఆవిడే సాకు వెతికిచ్చింది.

ఇంకా పొద్దు గూకలేదు. నాయనమ్మ నా చెయ్యి వదిలేసి, ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అత్తయ్య “పదండి, చీకటి పడుతుంది” అంది. నడిచాం. కట్టెపొగ వాసన చాలా దూరం వెనకే వచ్చింది.

బడి వరండాలో “అమ్మా, పొద్దు గూకింది, ఇంక మాట్లాడు” అంది అత్తయ్య. నాయనమ్మ మాట్లాడలేదు. బోరింగు కింద చన్నీళ్ళతో కాళ్ళు కడుక్కుని పడుకుంది.

మూడో ఏడు నేను నోటుబుక్కు తెరవగానే “ఈసారి ఏటి కరకట్ట మీదుగా రాయి” అంది నాయనమ్మ. ఆ దారిలో మస్తాన్‌బీ వాళ్ళ ఊరు తగలదు. ఎందుకని నేనడగలేదు. నేను ఎమ్మే చదువుతుండగా నాయనమ్మ పోయింది...

ఇప్పుడు నడిచేవాళ్ళు కల్యాణ మండపాలు ముందే ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. అలాంటి మజిలీల జాబితా ఫోన్లో ఏ గ్రూపులో కనపడినా నా కళ్ళు మూడో పేరు దగ్గరే ఆగిపోతాయి. మీ ఇళ్ళలోనూ ఇలా ఎవరి పేరైనా మీ చేత్తోనే మాయమైపోయి ఉంటే రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది.

నాయనమ్మ దారి మార్చింది నన్ను ఆ గుమ్మం ముందు మళ్ళీ నిలబెట్టడం ఇష్టం లేకనా, లేక మస్తాన్‌బీ ముఖం తనే చూడలేకనా... ఇప్పటికీ నాకు తేలలేదు.