బావ కదిలితే సిగ్నల్ పోతుంది

ఎంతసేపూ ఫోన్లలో తలలు దూర్చి కూర్చోవడమే గానీ, మా బావ గురించి ఒక్కరైనా, ఒక్కనాడైనా అడిగారా? గోడ మీద ఆ మీసాలాయన ఎవరని కూడా అడగరే! చెవులు ఇటు పడెయ్యండి. ట్యాంకు పట్టాల గురించి అన్నీ తెలిసి, ప్రతిసారీ తప్పు పట్టానే ఎంచుకునే మనిషి ఆయన.

కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆ పని మానేశాక రిమోటుతో నడిచే బొమ్మ యుద్ధట్యాంకు కొన్నాడు. దాని చక్రాల చుట్టూ బెల్టులా తిరుగుతాయే, అవే పట్టాలు. రబ్బరువి, ఇనపవి, సన్నవి, వెడల్పువి, బొత్తాల డబ్బా నిండా అవే. "నున్నటి గచ్చుకి రబ్బరు, బురదకి ఇనుము, ఇసక్కి వెడల్పుది" అని పోస్టాయన్ని నిలబెట్టి మరీ పాఠం చెప్పేవాడు. పాఠం అయ్యాక తను మాత్రం గచ్చు మీద ఇనపది వేసేవాడు. ట్యాంకు సర్రున జారి సోఫా కిందికి పోయేది.

ఆ ఏడే మా అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, దాంతోపాటు భయమూ అతుక్కుంది. కిటికీ దగ్గర కుర్చీలోంచి లేస్తే ఒట్టు. నడవకపోతే ఆ కాలు ఇక పనికిరాదని డాక్టరు తేల్చేశాడు. ఈ కుర్చీ చాలు నాకని అక్క అంతకంటే గట్టిగా తేల్చేసింది.

"ఇదిగో, ట్యాంకు సోఫా కింద ఇరుక్కుంది. నీ చేతికర్రతో కాస్త లాగిపెట్టవూ?"

"మీ కాళ్లకేం రోగం?"

"నేను కదిలితే సిగ్నల్ పోతుందే!"

అక్కకి అర్థమయ్యేది కాదు. సిగ్నలంటే అంత సుకుమారమా? తిట్టుకుంటూ, గోడ పట్టుకుంటూ వెళ్లేది. సోఫా అయింది, వరండా అయింది, గేటు అయింది. తర్వాత పక్కింటి ముందు ఇసక గుట్ట.

"ఇసక్కి వెడల్పుదని మీరేగా చెప్పారు! సన్నది ఎందుకేశారు?"

"మర్చిపోయా."

"ఎప్పటిదో మిషను సూది నంబరు గుర్తుంటుంది, పొద్దున చెప్పింది గుర్తుండదా?"

"వెళ్లవే, నేను కదిలితే..."

"పోతుంది, పోతుంది, తెలుసు!"

"మతి పోయింది ఈయనకా, నాకా?" అని అక్క నన్నడిగేది. నాకేం తెలుసు? నేనూ బుర్ర గోక్కున్నా.

చివరికి అక్క విసుగెత్తి, ఇనప పట్టాలు తనే బిగించి, గేటు దగ్గర నిలబడి చూసింది. వీధి చివరి బురదని ట్యాంకు ఏనుగులా దాటింది. దాటి, నిక్షేపంగా వెనక్కి తిరిగి, నేరుగా వెళ్లి మురిక్కాలవలో దూకింది.

"మీరే తోశారు!"

బావ వరండాలో కుర్చీలోంచి ఆకాశం వంక చూశాడు. "నేను కదిలితే..."

అక్క విసవిసా వెళ్లి, వంగి, ట్యాంకుని బయటికి లాగింది. తిడదామని వెనక్కి తిరిగితే ఏముంది? పట్టుకోడానికి గోడ లేదు. కర్ర గేటుకే వేలాడుతోంది. ఇల్లేమో అంత దూరాన ఉంది. బావ కుర్చీలో లేడు, మెట్టు దిగి, అక్క పడితే పరిగెత్తేటట్టు ఒక కాలు ముందుకేసి నిలబడ్డాడు. ఎన్నాళ్లుగా అలా నిలబడుతున్నాడో! సిగ్నల్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

తర్వాతెప్పుడో మోకాళ్లు పట్టేసి ఆయన మంచం దిగనని మొండికేశాడు. అక్క గచ్చు మీదికి ఇనప పట్టాలు వేసి, ట్యాంకుని గుమ్మం దాకా జారనిచ్చి, కుర్చీలో కూలబడింది.

"ఏమండీ, కాస్త తీసుకురండి. నేను కదిలితే సిగ్నల్ పోతుంది."

ఆయన పకపకా నవ్వి, గోడ పట్టుకుని లేచాడు. అలా చాలాకాలం లేచాడు. పోయేనాటికి ఎనభై మూడేళ్లు.